సాప మీద జాగ

పత్తాలల్ల ఎక్కా ఉంటది, బాద్‌షా ఉంటడు, రాణి ఉంటది, వాళ్ల కింద గులాం ఉంటడు. కోస్తా దిక్కు దోస్తులు గులాంను జాకీ అంటరని నిజామాబాద్‌కు డిగ్రీ చదువపోయినంక గాని నాకు తెల్వలేదు. మా దిక్కు అది గులామే.

నేను ముప్కాల్ మాదిగవాడల పుట్టిన. హైదరాబాద్ నుంచి నాగపూర్ పోయే పెద్దరోడ్డు మీది ఊరు. ఆ రోడ్డును అప్పట్ల ఏడో నంబరు అనేటోళ్లు, ఇప్పుడు నలభై నాలుగు. పోచంపాడు డ్యాం దగ్గర్నే. మేం చిన్నగున్నప్పుడు బాల్కొండ మండలం కింద ఉండె, 2016ల మాదే మండలమైంది. పసుపు, మక్క, ఎర్రజొన్న పండే భూములు. పండించే చేతులు మావి, భూములు మావి కావు. మా నాయిన పటేండ్ల దగ్గర జీతమున్నడు. చావుకు, పెండ్లికి డప్పు కొట్టిండు. మా అవ్వ బీడీలు చేసింది. మా అన్న దుబాయి పోయొచ్చిండు. మా దిక్కు ఏ వాడల ఏ తలుపు కొట్టినా ఈ మూడు కథలే బయటికొస్తయి. నాది కొంచెం వింత కథ. నేను ఫోన్ల పోకర్ నేర్చుకుందామని కూసున్న. ఆ సంగతి రాస్త.

పత్తాలాట నేను ఎనుక నిలబడి నేర్చిన. ఎండకాలం పసుపు అమ్ముడువోయి చేతుల పైసలాడే రోజులల్ల, బాయికాడి మామిడి చెట్టు కింద పటేండ్లు సాప పరిచి రమ్మీ ఆడుతుండ్రి. పదమూడు పత్తాలాట. నాకప్పుడు పదేండ్లు. బీడీలు, చాయ్, సోడాలు తెచ్చుడు నా పని. నోటిచ్చి చిల్లర తెమ్మంటరు. తెచ్చిన చిల్లర నా చేతుల్నుంచే తీసుకుంటరు. నా చేతి పైసకు అంటు లేదు. ఒకనాడు కాళ్లు గుంజుతున్నయని సాప కొస మీద కూసున్న. ఎవరూ తిట్టలేదు. ఒకాయన తన పత్తాలు బోర్ల పెట్టి నా దిక్కు చూసిండు. నేను లేచిన. ఆయన మళ్ల పత్తాలు చేతవట్టిండు. గంతే. ఆట నడిచింది.

నిలబడ్డోనికి ఒక లాభముండె. ముగ్గురి పత్తాలు ఒక్కసారె కనవడుతయి. ఎవరు ఏది ఎత్తిన్రు, ఏది పారేసిన్రు, ఎవరు దేనికోసం చూస్తున్నరు, అన్నీ నాకు యాదికుండేటియి. మనసుల నేనే ఆడేటోన్ని. ఒక పటేలు కళావరు ఏడు పారేస్తుంటె “అది గాదు పటేలా” అని నోటిదాక వచ్చి ఆగేది. మూడెండకాలాలు అట్ల నిలబడ్డ.

వాడల మా చిన్నాయినోళ్లు వేరే ఆట ఆడుతుండ్రి. మూడు పత్తాలాట. పొద్దుగూకినంక, కూలి పైసలు వచ్చిననాడు, వీధిబుగ్గ కింద. పోలీసులొస్తె వాడకే వచ్చేటోళ్లు. మామిడి చెట్టు కిందికి జీపు పోయిన దినం నాకు యాదిల లేదు. ఒకసారి మా చిన్నాయినను, ఉత్తగ నిలబడి చూస్తున్న ఇంకొకాయనను పట్టుకపోయిన్రు. ఏ ఠాణా అనేది ఇప్పుడెందుకు, అప్పట్ల అన్ని ఠాణాలు ఒక్క తీర్గనే ఉండె. జుర్మానా కట్టి వచ్చినంక చిన్నాయిన కొన్నొద్దులు మొకం ఎత్తి నడవలేదు.

శానా ఏండ్లకు వకీలు చదివిన దోస్తు ఒకడు నాకు ఒక తీర్పు సంగతి చెప్పిండు. సికింద్రాబాద్‌ల ఒక క్లబ్బు మీద పోలీసులు దాడి చేసిన్రు, రమ్మీ ఆడుతున్నరని కేసు పెట్టిన్రు. నిజాం కాలం నాటి చట్టం, 1305 ఫస్లీల చేసిన హైదరాబాద్ గాంబ్లింగ్ యాక్ట్ కింద. కేసు సుప్రీంకోర్టు దాక పోయింది. 1968ల లా రిపోర్టులకెక్కిన ఆ తీర్పుల కోర్టు ఏం చెప్పిందంటే, రమ్మీల నైపుణ్యముంది, పడ్డ పత్తాలు యాదికుంచుకోవాలె, ఏది ఉంచుకోవాల్నో ఏది పారెయ్యాల్నో తెలువాలె, అందుకని అది ఉత్త అదృష్టం మీది ఆట గాదు. మూడు పత్తాలాట మాత్రం పూర్తిగ అదృష్టమే. ఆ తీర్పు ఆధారం మీదనే దేశమంత రమ్మీ క్లబ్బులు నడిచినయి, తర్వాత రమ్మీ కంపెనీలు లేచినయి.

ఆట గురించి కోర్టు చెప్పింది అబద్ధమని నేను అంటలేను. మూడు పత్తాలకు అంత యాది అక్కెర లేదు, నిజమే. నా ప్రశ్న వేరేది. పదమూడు పత్తాలకు పొద్దంత కావాలె, చెట్టు నీడ కావాలె, చాయ్ తెచ్చే పోరడు కావాలె. కూలోనికి పొద్దుగూకినంక దొరికేది ఒక గంట. గంటల అయిపోయే ఆటనే వాడు ఆడుతడు. పొద్దున్నోని ఆటకు నైపుణ్యమని పేరు, పొద్దులేనోని ఆటకు జూదమని పేరు. పడ్డ పత్తాలు యాదికుంచుకునుడే నైపుణ్యమైతే, మూడెండకాలాలు సాప ఎనుక నిలబడ్డ పోరన్ని ఏమనాలె? పేర్లు పెట్టే కాడ మనం ఎన్నడు లేం. ఆలిని ఒడ్డి ఓడినాయన ఇప్పటికీ ధర్మరాజే.

మా అమ్మమ్మ ఊర్ల (పేరెందుకు) గ్రామాభివృద్ధి కమిటీ ఒకయేడు పత్తాలాడితే జుర్మానా అని తీర్మానం చేసింది. ఊరంత చాటింపు వేసింది మా మేనమామ, డప్పుతోని. జుర్మానా రాసిన పెద్దమనుషులు ఆ రాత్రే మోటరు కొట్టంల ఆడిన్రు. చాయ్ తీసుకపోయింది కూడ మా మేనమామనే.

ఇగ పోకర్ సంగతి. 2019ల నేను పుణెల, హింజెవాడి దిక్కు ఒక కంపెనీ బ్యాక్ ఆఫీసుల రాత్రి డ్యూటీ చేస్తున్న. జీతం 17 వేలు. అందుల ఆరు వేలు నెలనెల ఇంటికి. గదిల నాతోని దెగ్లూర్ దిక్కు పిల్లగాడు ఉండె. నాందేడ్ జిల్లా. బౌద్ధుల ఇంటోడు, గోడ మీద బాబాసాహెబ్ పటం వాడు పెట్టిందే. సరిహద్దు ఊరు గన్క తెలుగు మంచిగ వస్తది. నన్ను దాదా అంటడు, నేను తమ్మీ అంట. వాడు ఫోన్ల పోకర్ ఆడేది. “దాదా, నీకు రమ్మీ వచ్చు గదా, ఇది గూడ పత్తాలే” అన్నడు. తెలంగాణల అయితే పైసలు పెట్టి ఆన్‌లైన్ల ఆడే ఆటలన్నీ 2017లనే చట్టం మార్చి బంద్ చేసిన్రు. మహారాష్ట్రల అప్పుడు నడుస్తుండె.

అన్నిటికంటె చిన్న టేబుల్, రూపాయి–రెండు రూపాయలది. కూసోవాల్నంటె 200 కట్టాలె. మా అవ్వ వెయ్యి బీడీలు చేస్తె అటు ఇటుగ వచ్చే కూలి. మొదటి 200 నలభై నిమిషాలల్ల పోయినయి. రెండోసారి గంట. మూడోసారి ఇరవై నిమిషాలు. ఆట చెప్పుకోను సులువే. చేతుల రెండు పత్తాలిస్తరు, అవి నీకే కనవడుతయి. నడుమ ముందు మూడు పరుస్తరు, అది ఫ్లాప్. తర్వాత ఒకటి, టర్న్. తర్వాత ఇంకొకటి, రివర్. ఏడింట్ల మంచి ఐదు చూసుకోవాలె. రివర్ అని మొదటిసారి విన్నప్పుడు నాకు గోదారే కండ్లల్ల మెదిలింది. ఊరి పక్కదే గదా. ఇంగ్లీషు వీడియోలు పెట్టుకొని వినేది, ఆపి ఆపి కాపీల రాసుకునేది. ఆట రాక మాట అర్థంకాలేదో, మాట రాక ఆట అర్థంకాలేదో. ముప్పై మూడేండ్లకు మళ్ల ఒకటో తరగతి. డ్యూటీ నుంచి వచ్చి పొద్దున తొమ్మిదింటికి ఓడి పండుకునేది. నెల తిరిగెవరకు మనసు విరిగింది. తమ్మి ఏమో “దాదా, ఓడేటోన్ని చూసి నేర్చుకోవాలె, నిన్ను చూసి నేను నేర్చుకుంటున్న” అని నవ్వేటోడు.

లెక్క మాత్రం నన్ను పట్టుకున్నది. నా చేతుల రెండు ఇస్పేట్లు, ఫ్లాప్ మీద రెండు ఇస్పేట్లు అనుకోండ్రి. ఇంకొక్క ఇస్పేటు పడితే చెయ్యి నిండుతది. నాకు కనవడేది ఐదు పత్తాలు, కనవడనివి 47. అందుల ఇస్పేట్లు తొమ్మిది. అంటె వచ్చే పత్తా ఇస్పేటు అయ్యేది దాదాపు ఐదింట ఒకసారి. నడుమ కుప్ప 100 ఉన్నది, ఎదుటోడు 50 వేసిండు. నేను 50 పెడితె మొత్తం 200 అయితది. అంటె నేను నాలుగింట ఒకసారన్న గెలిస్తెనే ఆ 50 పెట్టుడు గిట్టుబాటు. ముందటికి ఇంకేం రాలే ఆశ లేకుంటె, ఐదింట ఒకటి వచ్చే పత్తాకు నాలుగింట ఒకటి ధర అడుగుతున్నడు. వదిలెయ్యాలె. ఈ లెక్క మొదటిసారి నా చేతితోని నేను వేసుకున్ననాడు, ఓడినా కూడ నిద్ర మంచిగ పట్టింది.

ఆ లెక్క నన్ను మా ఇంటికి తీస్కపోయింది. మా అన్న 2007ల దుబాయి వీసాకు ఏజెంటుకు కట్టిన పైసలు నూటికి మూడు రూపాల మిత్తికి తెచ్చినయి. అవ్వ పుస్తె కుదువవెట్టింది. వీసా అసలుదా నకిలీదా, కంపెనీ జీతమిస్తదా ఇయ్యదా, పది మంది పోతె ఎందరు అప్పు తీర్చి వస్తున్నరు? ఎవరు లెక్క చెప్పిన్రు మాకు? మా వాడల ప్రతి ఇల్లు ఒకసారన్న ఉన్నదంత ముందటికి తోసింది. ఈ ఆటల దానికి ఆల్ ఇన్ అని పేరు. మా అన్న మూడేండ్లకు అప్పు తీర్చి, ఒక టేప్ రికార్డర్ తోని, నడుం నొప్పి తోని వచ్చిండు.

ఆట నేర్పెటోళ్లు మొదలు చెప్పేది ఏందంటె, వచ్చిన చేతులల్ల నూటికి డెబ్బై ఐదు, ఎనభై పారెయ్యాలె. ఓపిక పట్టాలె. కొత్తోళ్లకు అదే కష్టమట. నాకైతె అది ఒక్క దినంల వచ్చింది. వదులుకునుడు మాకు ఎవరు నేర్పాలె? నాకు రానిది ఇంకొకటి. చేతుల ఏం లేకున్నా ఉన్నట్టు పైసలు ముందటికి తోసుడు. బ్లఫ్. అది అబద్ధమని నాకు జంకు గాదు. వేలు బటన్ మీద పెడితె గుండె దడదడ కొట్టుకునేది, ఎవరో పత్తాలు బోర్ల పెట్టి నా దిక్కు చూస్తున్నట్టు. తమ్మి చూసి “దాదా, నీకు పత్తాలున్నప్పుడె నువ్వు పైసలు వేస్తవు. టేబుల్ మీద అందరికి తెలిసిపోయింది. నీకు మంచి చెయ్యి వస్తె అందరు లేచిపోతరు, నీకు పైసా రాదు” అన్నడు. అది వాడి తెలివే గాదు. వాన్ నాయ్‌మన్ అనే గణితవేత్త మోర్గెన్‌స్టెర్న్‌తోని కలిసి 1944ల అచ్చేసిన ఆటల సిద్ధాంతం పుస్తకంల పోకర్ మీద ఒక భాగమే ఉంది. బ్లఫ్ గుణంల ఉండే వంకర గాదు, లెక్కల ఉన్న అవసరమని తేల్చిండు. ఊర్ల నాకు కనవడ్డ దొరతనమంత గుర్తొచ్చింది. సగం మందికి ఎకరాలు ఎప్పుడో మిత్తుల కింద పోయినయి. అయినా గడీ అరుగు మీద కూసునుడు పోలేదు. చేతుల ఏం లేకున్నా కూసునే తీరు వాళ్లకు తాతల కాడికెల్లి వచ్చింది. నాకు నిలబడే తీరు వచ్చింది.

ఆన్‌లైన్‌ల ఒక మంచి ఉందని మొదట అనుకున్న. కుర్చీకి నంబరే ఉంటది, మనిషికి కులం ఉండదు. ఆరుగురు కూసుంటరు, ఎవరి మొకం ఎవరికి తెల్వది. నేను మూడో కుర్చీల కూసుంటె ఎవరు లెమ్మనరు. సాప మీద జాగ దొరికింది, 200కు. పేరు పెట్టుకోమంటె ముప్కాల్ అని పెట్టుకొని పక్కకు 86 వేసిన. ఒకనాడు రాత్రి ఐదో కుర్చీ నుంచి ఇంగ్లీషు అక్షరాలల్ల తెలుగు మాట వచ్చింది. “ముప్కాలా? మన బాల్కొండ దిక్కేనా అన్నా?” నాకు సంబురమైంది. అవునన్న. ముంబైల ఉంటడట. వానలు, పసుపు ధర, బస్టాండు కాడి మిర్చిబజ్జీలు, అన్నీ మాట్లాడుకున్నం. తర్వాత వచ్చింది. “ఎవలోళ్లు అన్నా?”

మా దిక్కోళ్లకు ఈ మాట విడమర్చి చెప్పే పని లేదు. మీలో ఎవరికన్న తెల్వకుంటె, అది ఇంటిపేరు అడుగుడు గాదు. నేను ‘మాదిగోళ్లం’ అని కొట్టిన. మాట ఆగింది. ఆట ఆగలేదు. ఆ తర్వాత నేను పైసలు వేసిన ప్రతిసారి ఐదో కుర్చీ మీదికి పెంచుతున్నడు. ఆయనకు మంచి పత్తాలే వస్తున్నయో, నన్ను లేపాలనె చేస్తున్నడో నాకెట్ల తెలువాలె? మిగిలిన నలుగురు ఎదుటోని రెండు పత్తాలు చదివితె చాలు. నేను మూడోది కూడ చదవాలె. ఆ మూడోది నాకే కనవడుతది. ఆయనను అడిగితె ‘ఛీ, నాకసొంటివి లేవు’ అనొచ్చు, అది నిజం గూడ కావచ్చు. ఆ రాత్రి 140 పోయినయి. పేరు మార్చుకోమని తమ్మి అన్నడు. మార్చలేదు.

ఎనిమిది నెలలు కాపీ రాసిన. 11 వేల చేతులు. పోయింది 3,400. నేను ఆడిన టేబుళ్ల మీద కంపెనీ ప్రతి కుప్ప నుంచి నూటికి నాలుగో ఐదో కోసుకునేది. నా లెక్కన ఆ కోతనే రెండు వేలు దాటింది. బీడీలు తీసుకునే కాడ బాగలేవని కొన్ని పక్కకు పడేసి లెక్కల నుంచి తీసేసే మనిషి నాకు చిన్నప్పటి సంది ఎరుక గన్క ఇది కొత్త అనిపించలేదు. ఆఖరి నాలుగు వేల చేతులల్ల కోత తీసేస్తె నేను ఓడుత లేను, గెలుస్త లేను. అంటె ఆట కొద్దికొద్దిగ వస్తున్నది.

మరి ఎందుకు మనసు విరిగింది? నేర్పెటోళ్లు చెప్పే ఇంకొక మాట కాడ. పోకర్‌ల నైపుణ్యం ఒక్క రాత్రిల కనవడదు. మంచి ఆటగాడు కూడ వేల చేతుల దాక ఓడుతనే ఉండొచ్చు. పదివేలు, ఇరవైవేలు, యాభైవేల చేతులు ఆడినంక గాని ఎవనికి ఆట వచ్చో తేలదు. దానికి లాంగ్ రన్ అని పేరు. అందాక నిలవాల్నంటె కనీసం ఇరవై, ముప్పై సార్లు కూసునే పైస పక్కకు పెట్టుకోవాలె. పోయినా ఇంట్ల పొయ్యి ఆరిపోని పైస. రెండు వందల టేబుల్‌కు ముప్పైసార్లు అంటె ఆరు వేలు. నేను నెలనెల ఇంటికి పంపేది ఎంత? ఆరు వేలు.

కాపీల ఈ రెండు అంకెలు పక్కపక్కకు రాసి శానసేపు చూసిన. తెలివి ఉన్నదా లేదా అన్నది తేలెటందుకే ముందు పెట్టుబడి కావాలె. మా వాడల ఒక పోరడు పదోతరగతిల ఒక్కసారి ఫెయిలైతె బర్లకాడికి పోతడు. కాపోని పోరడు మూడుసార్లు ఫెయిలైనా నాలుగోసారి రాస్తడు, అయిదోయేడు ఇంజినీరైతడు. అప్పుడు అందరు వాని తెలివిని మెచ్చుకుంటరు. మెరిట్ అంటె ఏందో రిజర్వేషన్ల గొడవలల్ల ఎన్నో ఉపన్యాసాలు విన్న. ఈ రెండు రూపాల టేబుల్ చెప్పినంత సాఫుగ నాకు ఎవరు చెప్పలేదు.

ఇది రాస్త అంటె ఒక ఉద్యమ మిత్రుడు కోపం చేసిండు. “జూదం గురించి మన పుస్తకంలనా? వాడలు పాడైపోతుంటె?” అన్నడు. ఆయన కోపం ఊకె రాలేదు. ఆన్‌లైన్ రమ్మీకి, బెట్టింగు ఆప్‌లకు అప్పులై తెలంగాణల పిల్లలు ప్రాణాలు తీసుకున్నరు. మా వాడలనే ఒకడు మేకలమ్మి కట్టిండు. దాన్ని నేను చిన్నది చేయను. కాని మావోడు ఓడితె అది వ్యసనం, దొర ఓడితె అది రాజసం. పత్తాలల్ల నూరెకరాలు పోగొట్టిన దొర కథను మా నాయినే గొప్పగ చెప్పేది! ఆ నూరెకరాలు ఎవరి చెమటనో ఆ కథల రాదు.

2021 దసరాకు బోధన్ పోయిన, మా అక్క ఇంటికి. మా బావ నిజాం షుగర్స్‌ల సీజన్ కార్మికుడు. 1930లల్ల నిజాం సర్కారు పెట్టిన ఫ్యాక్టరీ, ఒకప్పుడు ఆసియాలనే పెద్దదని చెప్పుకునేటోళ్లు. 2002ల ప్రైవేటు చేతికి పోయింది, 2015 డిసెంబర్‌ల మూతవడ్డది. అప్పటి సంది బావ ఆటో నడుపుతడు. “బామ్మర్దీ, ఏందో ఆడుతవట, సూపియ్యి” అన్నడు. ఫోన్ తీసిన. మీరున్న రాష్ట్రంల ఈ ఆటకు అనుమతి లేదని వచ్చింది. బావ నవ్వి బండి తీసిండు. సాలూర దాటినం, మంజీర వంతెన దాటినం. అవతల బిలోలి దిక్కు, మహారాష్ట్ర. రోడ్డు పక్క తుమ్మ చెట్టు కింద మళ్ల తీసిన. తెరుచుకున్నది. ఇవతలి ఒడ్డున నేరం, అవతలి ఒడ్డున నైపుణ్యం. నడుమ మోకాలు లోతు నీళ్లు.

బావ మూడు చేతులు ఆడి 90 గెలిచిండు. ఫోన్ నా చేతుల పెట్టి “పా, ఇగ చాలు” అన్నడు. గట్ల కాదు బావా, మూడు చేతులల్ల ఏం తేలదు, లాంగ్ రన్‌ల చూడాలె అని నేను అంతా చెప్పుకొచ్చిన.

“లాంగ్ రన్ అంటె ఎన్నొద్దులు?”

“చెప్పరాదు బావా. వేల చేతులు.”

“ఫ్యాక్టరీ తెరుస్తమని గదే చెప్తుండ్రు, ఆరేండ్ల సంది” అని బండి కిక్కు కొట్టిండు.

నేను ఆ తర్వాత కూడ ఆడిన, తక్కువ. 2023 అక్టోబర్ ఒకటి నుంచి కట్టే పైస మీద నూటికి 28 జీఎస్టీ వచ్చింది. మా అసొంటి టేబుళ్లల్ల మనుషులు పలచవడ్డరు. 2025 ఆగస్టుల పార్లమెంటు పైసల ఆన్‌లైన్ ఆటలను దేశమంత నిషేధిస్తూ చట్టం చేసింది. నైపుణ్యమా అదృష్టమా అన్న తేడానే తీసేసింది. కొద్ది దినాలల్లనే కంపెనీలు పైసల టేబుళ్లు మూసినయి. నా ఖాతాల 61 రూపాలు మిగిలి ఉండె, బ్యాంకుకు వచ్చినయి. తమ్మి ఇప్పుడు ఔరంగాబాద్‌ల ఉన్నడు, పోటీ పరీక్షలు రాస్తున్నడు.

మొన్న సంక్రాంతికి మళ్ల బోధన్ పోయిన. అక్క బిడ్డ హాస్టల్ల పదోతరగతి. లెక్కల పుస్తకం పట్టుకొని వచ్చింది. “మామా, పేక ముక్కలంటె ఏంది?” సంభావ్యత పాఠం. 52 ముక్కల కట్టల నుంచి ఒకటి తీస్తె ఎర్ర రాజు వచ్చే అవకాశమెంత అని అడుగుతున్నరు. ఆ పిల్ల జన్మల పత్తా చూడలేదు. ఎర్రయి ఎన్ని, నల్లయి ఎన్ని, రాజులు ఎంతమంది, పుస్తకం రాసినోళ్లు పిల్లలందరికి ఇంట్ల తెలుసనుకున్నరు. బావ ఆటోల నుంచి పాత కట్ట తెచ్చిండు. నేల మీద సాప పరిచి, దాన్ని ఎదురుంగ కూసోవెట్టి, నాలుగు వరుసలు పేర్చి చూపించిన. ఇవి ఆటీన్లు, ఇవి డైమన్లు, ఎర్రయి. అక్క వంటింట్ల నుంచి “పోరికి పత్తాలు నేర్పుతున్నవా, ఊర్ల ఇంటె ఏమంటరు?” అని ఒర్రుతనే ఉంది.

పిల్ల రెండు బై యాభై రెండు అని రాసి, కొట్టేసి ఒకటి బై ఇరవై ఆరు వేసింది. తర్వాత పుస్తకం మూసి అడిగింది.

“రెండు పత్తాలు తీస్తె, రెండు ఎక్కాలే వస్తయా మామా?”

“వస్తయి. మొదటిది యాభై రెండింట్ల నాలుగు. రెండోదానికి ఎన్ని మిగిలినయో నువ్వే చెప్పు.”

“యాభై ఒకటి. ఎక్కాలు మూడు.” వేళ్ల మీద కాదు, కాపీ ఎనుక అట్ట మీద గుణించింది. కొంచెం సేపు వట్టింది. “రెండు వందల ఇరవై ఒకటికి ఒకసారి.”